నిండుగా తిరిగొచ్చిన డబ్బా

కొత్తగా వ్యాపారం పెట్టాలని ఉబలాటపడేవాళ్ళు ముందు ఇది చదవండి. చదివాక కూడా ఆ ఉబలాటం మిగిలితే నిక్షేపంగా పెట్టుకోండి. నలభైమంది ముందు మైకు పట్టుకుని ఒక మనిషి తన పరువు తానే ఎలా తీసుకోగలదో ఇందులో వివరంగా ఉంది. ఆ మనిషిని నేనే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. బీకాం అయిపోయి, ఆలూరులో మా ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఒకరోజు జొన్నరొట్టె బుడ్డల పొడిలో అద్దుకుని తింటుంటే నాకు జ్ఞానోదయమైంది. బుడ్డలంటే మా వైపు వేరుశనగలు. ఈ పొడిని పొట్లాలు కట్టి అమ్మితే?

"పొడి కొట్టుకోని ఇల్లు యాడుండాది పాపా?" అంది మా అమ్మ.

"ఈడ కాదమ్మా, కర్నూల్లో. హాస్టల్ పిల్లోళ్ళకు ఎవురు కొట్టిస్తారు?"

మా నాయన అంతా విని తీర్పు చెప్పాడు. "కర్నూల్లో యాపారం నేర్పిస్తారని అంటివే, పోయిరా. ఆ పొద్దు మునిగే లోపల ఒక్క గిరాకీ తెచ్చుకో. తేలేకపోతే ఇంగ మాట్లాడకుండా బీఎడ్డులో చేరల్ల."

బీఎడ్ అంటే నాకు ప్రాణభయం. పిల్లలంటే భయం నాకు, అదీ గుంపుగా ఉంటే మరీను. అందుకే ఆ ఒక్క గిరాకీ కోసం ప్రాణం పెట్టాను.

శిక్షణ పెట్టినవాళ్ళు ముందుగానే ఫోన్ చేసి ఒక పని చెప్పారు. పది ఇళ్ళకు సరుకు ఉచితంగా పంచి, వాళ్ళ అభిప్రాయాలు కాగితం మీద రాసుకుని రావాలి. సరేనని బుడ్డలు వేయించాను. కొంచెం ఎక్కువ వేగాయి. కొంచెమంటే, పొగ చూసి వెనక వీధి వాళ్ళు ఏమైందని అడిగినంత. నేను తగ్గుతానా? 'కాల్చిన రుచి' అని లేబుల్ మీదే అచ్చు వేయించాను.

పది స్టీలు డబ్బాల్లో పొడి నింపి పదిళ్ళకు ఇచ్చాను. మరునాడు వెళ్ళి అడిగితే అందరిదీ ఒకటే మాట, "బాగుండాది పాపా." ఒకావిడ మాత్రం, "బాగుండాది, పక్కన చెంబు నీళ్ళు పెట్టుకుంటే సరిపోతాది" అంది. నీళ్ళ సంగతి వదిలేసి 'బాగుంది' అని రాసుకున్నాను.

తర్వాత డబ్బాలు తిరిగి రావడం మొదలైంది. మా ఊళ్ళో ఎవరూ గిన్నె ఒట్టిగా తిరిగివ్వరు. ఒకదాంట్లో చక్కిలాలు వచ్చాయి, ఒకదాంట్లో నిమ్మకాయలు, ఇంకోదాంట్లో అలసందలు. అట్లా తొమ్మిది వచ్చాయి. పదోది మా వెనకింటి సువార్తమ్మత్త పంపింది. ఆవిడ వారమంతా కూలికి పోతుంది, ఆదివారం చర్చికి పోతుంది. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళి జరిగినా వంటకు ముందు ఆవిడనే పిలుస్తారు. ఆ డబ్బా మూత తీశాను. నిండా బుడ్డల పొడి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చూడమ్మా, వేలు కూడా పెట్టకుండా పంపించింది."

"రుచి చూడరాదా?" అంది అమ్మ.

"నా పొడిని నేను రుచి చూసేదేంది?"

రంగు కొద్దిగా లేతగా ఉన్నట్టు అనిపించింది కానీ, వెలుతురు తేడా అనుకున్నాను. కాగితం మీద పదో ఇంటి అభిప్రాయం అన్నచోట 'అసూయ' అని రాశాను. పొట్లాలు కట్టినవి విప్పడమెందుకని, రుచి చూపించడానికి ఆ డబ్బానే సంచిలో వేసుకుని బస్సెక్కాను.

కర్నూల్లో ఆ ఎండకు కోటు వేసుకుని వచ్చిన శిక్షకుడు పొద్దున్నుంచీ పాఠాలు చెప్పాడు. "మీ సరుకును మీరే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?" అన్నాడు. ఆ హాల్లో అందరికంటే గట్టిగా తల ఊపింది నేను.

మధ్యాహ్నం సరుకులన్నీ బల్లల మీద పెట్టించారు. ఆడపిల్లల హాస్టల్ నడిపే బాషా గారు వచ్చి నా డబ్బాలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ చిటికెడు తీశారు.

"ఏమ్మా, ఇది నువ్వే కొట్టినావా?"

"నేనే సార్."

"మా అమ్మ పోయినాక ఇట్లాంటి పొడి తినలేదమ్మా నేను. నెలకు ఇరవై కిలోలు ఇయ్యగలవా?"

నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. బీఎడ్ కళ్ళ ముందు నుంచి మాయమైపోయింది. శిక్షకుడు నన్ను వేదిక మీదికి పిలిచి మైకిచ్చి, విజయ రహస్యం చెప్పమన్నాడు. నేను చెప్పాను. ఒక నిమిషం కాదు, పది నిమిషాలు. "అంతా వేయించడంలోనే ఉందండీ. భయపడకూడదు. పొగ వచ్చినా సరే మంట తగ్గించకూడదు." ముందు వరుసలో ఇద్దరు రాసుకుంటున్నారు కూడా.

నేనట్లా ఉపన్యాసం దంచుతుంటే బాషా గారు ఒక పొట్లం విప్పి నోట్లో వేసుకున్నారు. దగ్గు మొదలైంది. ఎవరో నీళ్ళు తెచ్చి పట్టించారు.

"ఏందమ్మా ఇది? డబ్బాలోది ఒకటి, పొట్లంలోది ఒకటి ఉండాదే."

"లేదు సార్. అదే రోలు, అదే చెయ్యి."

శిక్షకుడు రెండూ రుచి చూసి, ముఖం గంటు పెట్టుకుని మైకు లాక్కున్నాడు. "చూపేది ఒకటి, అమ్మేది ఒకటి. దీన్ని మోసం అంటారు."

నాకు కన్నీళ్ళు ఆగలేదు. "మోసం కాదు సార్. ఆ డబ్బా మా వెనకింటామెకు ఇచ్చింటి. ఆమె తినకుండా అట్లే పంపించింది."

శిక్షకుడు నా కాగితం తీసి చదివాడు. "పదో ఇల్లు. అసూయ?"

బాషా గారు నా వైపు జాలిగా చూశారు. "నిండు డబ్బా వస్తే తినలేదని ఎట్లనుకుంటివమ్మా? ఆమెకు ఫోన్ చెయ్యి. అందరికీ ఇనపడేటట్లు పెట్టు."

చేశాను. మైకు ముందు పెట్టాను.

"అత్తా, నేను ఇచ్చిన పొడి తినలేదా నువ్వు?"

"తినకుండా ఎట్లుంటా పాపా? ఒట్టి డబ్బా ఎట్లిచ్చేదని మాది పెట్టినా."

"బాగలేకుంటే నాకు చెప్పచ్చు కదత్తా."

"ఎట్ల చెప్పేది? అంత ఆశగా తెస్తివి, నాకు నోరు రాలేదు. మాది తింటే నీకే తెలుస్తాదిలే అనుకుంటి. ఏమి, నువ్వు తినలేదా?"

నలభైమంది ఒక్కసారి నవ్వారు. రాసుకుంటున్న ఆ ఇద్దరూ రాసింది కొట్టేశారు. బాషా గారు ఫోన్ దగ్గరికి వంగారు. "అమ్మా, నెలకు ఇరవై కిలోలు నువ్వు ఇయ్యగలవా?"

"కొట్టేది కొడతా సార్. కర్నూలుకు తెచ్చి అమ్మే తీరిక యాడుండాది నాకు? ఆ పాపనే తెస్తాదిలే, మాటలు శానా బాగా చెప్తాది. పొయ్యి కాడికి మాత్రం రానీయను."

నేను ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దు మునగలేదు. మా నాయన గడపలోనే ఉన్నాడు. "గిరాకీ దొరికిందా?"

"దొరికింది నాయనా."

"ఎవురికి?" ఫోన్ సంగతి వెనకింటి నుంచి అప్పటికే ఆయనకు చేరింది.

ఆ ప్రశ్నకు నేను ఈనాటికీ సూటిగా జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రమే వెనకింటికి వెళ్ళి, అసూయ అని రాసిన సంగతి సువార్తమ్మత్తకు చెప్పి, సిగ్గుతో తల వంచుకుని క్షమించమన్నాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. రొట్టె, పొడి పెట్టి ముందు తినమంది. తిన్నాను. తిని ఏడ్చాను. అంత బాగుంది.

నాలుగేళ్ళుగా ఆవిడ కొడుతోంది, నేను అమ్ముతున్నాను. కాబట్టి కొత్త వ్యాపారులారా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక నేను బుడ్డలు వేయించను, పొడి కొట్టను. ఈ ప్రమాణం తప్పనని నాకు గట్టి నమ్మకం. ఎందుకంటే సువార్తమ్మత్త వంటింటికి తాళం వేసుకుని మరీ కూలికి పోతోంది.