నోరు మూయని చిప్ప

మా పక్కింటి అవ్వ మొన్న ఉదయం పోయింది. పామిడిలో మా వీధికి ఇది తీరని లోటు. పెన్నలో ఎండకుండా మిగిలిన మడుగుకు ఎంత లోటో ఇంకా తేలాల్సి ఉంది.

సముద్రం మాకు పాఠ్యపుస్తకంలోనే ఉంది. ఆల్చిప్పల కూర మాత్రం అవ్వ పొయ్యి మీద ఉండేది. మోకాలిలోతు నీళ్లలో నిలబడి, పాదాలతో ఇసుకలో వెతికేది. బొటనవేలంత కూడా లేనివి తిరిగి నీళ్లలోకే. "పిల్లల్ని తింటే వచ్చే ఏడు మన్ను తినాల" అనేది. ఒడ్డుకు వచ్చాక, నోరు తెరిచిన ప్రతి చిప్పనూ గోటితో తట్టేది. మూసుకుంటే బతికున్నట్టు, బుట్టలోకి. మూసుకోకుంటే చచ్చినట్టు. దాన్ని కూరలో వేస్తే తిన్నవాళ్లూ దాని వెంటే.

వాగుడు ఆపనని నా నెత్తి మీదా తట్టేది. "తట్టినా మూసుకోవు. నువ్వు సచ్చి శానా దినాలాయ గదప్పా." డిగ్రీ చేతికొచ్చిన రోజూ నాకు దక్కిన ఆశీర్వాదం ఇదే.

ఈ ఎండాకాలం మడుగు కుంచించుకుపోయి, పచ్చబడి, వాసన వేసింది. కొంగలు వాలడం మానేశాయి. అవ్వ ఒక బుట్టెడు తీసి తట్టింది. ఒక్కటీ మూసుకోలేదు. అన్నిటినీ గుంత తీసి పూడ్చింది. అప్పటినుంచి మడుగు దారిలో రాయి మీద కూర్చునేది.

"ఏమవ్వా, మడుగు నీ అబ్బ సొమ్మా?" అని మా వీధిలో ఆటో నడిపే అన్న గొడవపడ్డాడు.

"కాదప్పా. కడుపు నీదే గదా, అందుకే చెప్తాండా. కొత్తనీళ్లు రానీ, నేనే రమ్మంటా."

ఆయన ఖాళీ బకెట్‌తో గొణుక్కుంటూ వెనక్కి పోయాడు.

మొన్న అవ్వను చాప మీద పడుకోబెట్టారు. నోరు తెరుచుకుని ఉంది. దవడకు గుడ్డ కట్టబోతుంటే, ఆగమని చెప్పి, చాప పక్కన నేలను గోటితో తట్టాను. ఎవరూ నవ్వలేదు.

ఈ పొద్దున ఆ రాయి ఖాళీగా ఉంటే పోయి కూర్చున్నాను. ఆటో అన్న అప్పటికే మడుగులోంచి బకెట్ నిండా చిప్పలతో వస్తున్నాడు.

"అవ్వ లేదు గదప్పా, ఇంగ యాడిది అడ్డం?"

"లేదన్నా. తట్టి చూసి పో."

నవ్వుతూనే ఒకదాన్ని తట్టాడు. ఇంకోదాన్ని తట్టాడు. నవ్వు ఆగిపోయింది. గొంతుకూర్చుని, అడుగుదాకా తవ్వి, ఒక్కొక్కటే తట్టసాగాడు. బకెట్ నిండా నోళ్లు తెరుచుకునే ఉన్నాయి.

నేను మాత్రం నోరు మూసుకున్నాను.