వదిన గరిటె

మా వదిన గరిటె వంచే తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. పులుసుగిన్నెలో అడుగుదాకా దించి, పైకి తీసి, అంచుకు ఆనించి మెల్లగా వంచేది. నీళ్ళన్నీ కారిపోయి అనపగింజలు మాత్రం మిగిలాక నా కంచంలో వేసేది.

అలా వెయ్యమన్నది నేనే. చింతామణిలో అన్న ఇంట్లో ఉంటూ, పొట్ట తగ్గాలని జిమ్‌లో చేరిన రోజులవి. పిండిపదార్థం తగ్గించి ప్రోటీన్ పెంచమన్నారక్కడ. రాగిముద్ద తేగానే కంచానికి చేయి అడ్డం పెట్టేవాణ్ణి. "నువ్వు గూడా ముద్ద తగ్గించి గింజలు ఎక్కువ తినల్ల వదినా," అని ఆమెకు పాఠం కూడా చెప్పాను. శ్రద్ధగా విని, "అట్లేనప్పా," అంది.

ఒక మధ్యాహ్నం మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. అందరికీ వడ్డించాక ఆమె తింటోంది. కంచంలో పెద్ద ముద్ద, చుట్టూ పల్చటి పులుసు. ఒక్క గింజ లేదు.

"గింజలు యాడ వదినా?"

"నీకు కావల్ల గదప్పా. ముద్ద మింగేదానికి నాకు నీళ్ళు చాలు," అంది నవ్వుతూ.

సిగ్గుతో మంచినీళ్ళు తాగకుండానే బయటికి వచ్చేశాను. రేపటినుంచి అందరితోపాటే నాకూ వెయ్యమని చెప్పాలనుకున్నాను. నా బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగిన వారమది.

మరునాడు గరిటె అడుగుకు దిగింది, వంగింది, నా కంచం మీదికి వచ్చింది. ముద్దకు అంత చురుగ్గా అడ్డం పడే నా చేయి కదల్లేదు.