మా మిర్చి కొట్లకు తెరలు కట్టిన ఏడాది

నందిగామ పాత బజారులో మా అత్తవారికి వరసగా మూడు కొట్లు ఉండేవి. పెంకుటి కప్పు, ముందు ఎత్తైన అరుగు, పలకల తలుపులు. మూడూ మిర్చి వ్యాపారులకు అద్దెకిచ్చినవే. డెబ్భైల చివర్లో మార్కెట్ యార్డు ఊరి బయటికి వెళ్లిపోయింది, దాని వెనకే వ్యాపారులూ వెళ్లిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లు ఆ పలకలు తీసిన చెయ్యి లేదు. అరుగు మీద మేకలు పడుకునేవి.

వాటిని ఆడవాళ్లు కూర్చుని పాడుకునే, చదువుకునే చోటుగా చెయ్యాలన్న ఆలోచన మా తోటికోడలిది. ఆవిడ ఇంటికి పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. అక్కయ్యా అని పిలిచేదాన్ని. పెళ్లికి ముందు పుట్టింట్లో ఏళ్ల తరబడి సంగీతం నేర్చుకున్న మనిషి. మా ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ పాడగా విన్నవాళ్లు లేరు. ఎవరూ వద్దనలేదు, పాడమనీ అనలేదు.

ఒకనాడు మధ్యాహ్నం చింతపండు ఈనెలు తీస్తూ, "ఈ ఊళ్లో ఆడది ఊరికే కాసేపు కూర్చునే చోటు ఎక్కడుందో చెప్పవే" అంది.

"గుడి ఉందిగా."

"ప్రసాదం చేతిలో పడగానే లేవాలి. ఇంకోటి చెప్పు."

"సర్కారు ఆస్పత్రి వరండా" అన్నా.

"చూసావా! మనం కూర్చోవాలంటే జబ్బన్నా చెయ్యాలి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రాత్రి భోజనాల దగ్గర మావయ్యగారికి మజ్జిగ పోస్తూ ఆవిడ కొట్ల సంగతి ఎత్తింది. ఆయన అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఉగాది దాకా వాడుకోండమ్మా. జనం వస్తే అవి మీవే. రాకపోతే, ఎవరన్నా అద్దెకడిగితే ఇచ్చేస్తా. తెరవని కొట్టు చెదలు పట్టిపోద్ది" అన్నారు. మా ఇళ్లల్లో ఆ మాత్రం మాట ఎంతమంది కోడళ్లకు దక్కింది? ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

అక్కయ్యకు ఎక్కడ నేర్చిందో తెలియని నేర్పు ఒకటి ఉండేది. ఖాళీ గది చూస్తే అందులో ఏది ఎక్కడుండాలో ఆవిడ కంటికి కనిపించేది. తాపీమేస్త్రిని పిలిపించి, దూలాలు మోసే స్తంభాలు ఉంచి, మధ్య అడ్డుగోడలు తీయించింది. మూడు చీకటి కొట్లు కలిసి ఒక పొడవాటి హాలయ్యాయి. కప్పులో అక్కడక్కడా పెంకులు తీయించి గాజుపెంకులు పెట్టించింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ ముక్కలు నేల మీద జరుగుతూ ఉండేవి. వెనక వ్యాపారి కూర్చునే గద్దె పాటకు వేదికయింది. గోడగూళ్లు పుస్తకాలకు. జగ్గయ్యపేట నుంచి మా నాన్న బట్టీ సున్నం పంపించాడు. నాకు బడి లేదని ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిన మనిషి, ఆ గూళ్లకోసం తన పుస్తకాలు కూడా కొన్ని సున్నం బస్తాల మీద కట్టి పంపాడు.

కింద పరవడానికి ఏమీ లేవు. కొట్లలో పాత మిర్చి సంచులు గుట్టగా పడి ఉన్నాయి. పారెయ్యడానికి మనసొప్పలేదు. మున్నేటికి తీసుకెళ్లి బండ మీద బాది ఉతికాం, ఎండేశాం, చీరల అంచులు చుట్టూ కుట్టాం. ఎర్రంచు, ఆకుపచ్చంచు, పసుపంచు. పరిచి చూసుకుంటే మాకే ముచ్చటేసింది.

కార్తీకంలో ఒక శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టాం. అరుగంతా చెప్పులే. మా వీధి వాళ్లు, ఆఫీసు క్వార్టర్ల వాళ్లు, పిల్లల తల్లులు. దీపం పెట్టి సాంబ్రాణి వేశాను. అక్కయ్య గద్దె మీద శ్రుతిపెట్టె ముందు కూర్చుంది. మొదటి పాట మొదటి మాట పలికిందో లేదో, ముందు వరసలో చంటిపిల్ల గుక్కపట్టింది. తర్వాత వాళ్లమ్మ దగ్గింది. తర్వాత అందరూ. సంచుల నేతలో ఇరుక్కున్న కారం ఏటినీళ్లకు లొంగలేదు. అంతమంది కూర్చుని కదిలేసరికి లేచింది. అక్కయ్య గొంతు పట్టేసింది. అందరం కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని బజార్లో పడ్డాం.

మా పక్కింటి ముసలావిడ కళ్లు తుడుచుకుంటూ, "దిష్టి తీసినప్పుడు మిరపకాయ ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టేగా పెద్దకోడలా! నీ కొట్టుకు ఒక్క కన్ను కూడా తగల్లా. హాయిగా పడుకో!" అంది.

బజారంతా నవ్వింది. అక్కయ్యా నవ్వింది.

మర్నాడే ఆ సంచులు తీసేసి ఈతచాపలు వేశాం. గోడలకు మళ్లీ సున్నం కొట్టించాం. ఘాటు పోయింది. అయినా జనం పలచబడ్డారు. కారణం కారం కాదని తెలియడానికి కొన్నాళ్లు పట్టింది.

ఎదురుగా కాఫీ హోటలు. దాని బల్లల మీద మగవాళ్లు పొద్దస్తమానం ఇటే చూస్తూ కూర్చునేవారు. "కొట్టు మెట్లెక్కి కూర్చోడం ఏంటో వదినా, బేరానికి పెట్టినట్టుంటది" అంది ఒకావిడ. అక్కయ్య మా అందరి చీరలు, తన చీరలు కలిపి కుట్టి తెరలు కట్టింది. అప్పుడు మగవాళ్లు అనడం మొదలుపెట్టారు: "తెరెనక ఏం నాటకమాడుతున్నారో!" ఒకాయన బజార్లో నిలబడి, లోపలున్న భార్యను "ఏమేవ్, బయటికి రా!" అని కేకేశాడు. ఆ అమ్మాయి చాప మీంచి లేచి వెళ్లిన తీరు చూశాక, మిగతావాళ్లు మర్నాడు రాలేదు.

అక్కయ్య తెరను సగానికి ఎత్తింది. మళ్లీ దించింది. బజారుకు వీపు ఉండేలా చాపలు తిప్పింది. రోజుకో ఏర్పాటు. చూసేవాళ్లకీ వచ్చేవాళ్లకీ ఇద్దరికీ సరిపోయే కొలత ఏదో ఉందని, అది తనకే దొరకడం లేదని అనుకునేది. నేను దీపం ముందు కూర్చుని, ఒక్క మనిషినైనా పంపించు తల్లీ అని దణ్ణం పెట్టుకునేదాన్ని. ఒకటి రెండుసార్లు పంపింది కూడా. చీటీ పాట ఇక్కడేనా అని అడిగి వెళ్లిపోయారు.

మిరప కోతలు మొదలయ్యాక ఎవరికీ తీరిక లేదు. మాఘమాసం వచ్చేసరికి మేమిద్దరమే మిగిలాం. ఒక మధ్యాహ్నం అక్కయ్య తెరలన్నీ పైకి చుట్టేసి, గద్దె ఎక్కి పాడింది. ఎదురు హోటల్లో ఎవరో రేడియో పెంచారు. ఆవిడ ఆపలేదు. నేనొక్కదాన్నే ఈతచాప మీద కూర్చుని పూర్తిగా విన్నాను. ఆ గొంతు గురించి చెప్పడానికి నాకు వచ్చిన మాటలు చాలవు. భగవంతుడు నన్నే ఎందుకు అక్కడ కూర్చోబెట్టాడో, ఆ దయకు నేనేం చేశానో నాకు తెలియదు.

ఫాల్గుణంలో మైలవరం వైపు నుంచి ఒక ఎరువుల వ్యాపారి వచ్చాడు. హాలు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి మురిసిపోయాడు.

"అడ్డుగోడలు ముందే తీయించారు, బలే పని చేసారండీ! లారీ సరుకంతా ఒకేచోట పడద్ది. ఆ గాజుపెంకులు మాత్రం మార్పించండి. ఎండ తగిలితే మందులు పాడవుతయ్."

మావయ్యగారు వెంటనే ఒప్పుకోలేదు. మా ముందుకొచ్చి, "ఉగాదికి ఇంకా రోజులున్నయ్ గదమ్మా. నీ మాటేంటి?" అని అక్కయ్యను అడిగారు. ఆ మాట నిజంగానే అడిగారు. ఆవిడ వద్దంటే ఆగేవారు.

"ఇచ్చేయండి మావయ్యగారూ. కొట్లు కలిపే ఉన్నయ్, అద్దె కూడా కలిపే మాట్లాడండి" అంది అక్కయ్య.

ఆ సాయంత్రం తెరల కుట్లు విప్పి ఎవరి చీర వాళ్లకు మడతపెట్టి ఇచ్చింది. నా చీర చివర సున్నం మరక ఉంటే, తనే నానబెట్టి ఉతికింది.

ఎనభైల నడుమ పత్తీ మిర్చీ జోరు మీదున్నాయి. ఆ ఎరువుల కొట్టు ముందు రైతులు వరసలో నిలబడేవారు. జగ్గయ్యపేట వెళ్లడానికి బస్సెక్కాలంటే నేను దాని ముందు నుంచే నడవాలి. అద్దె ఏనాడూ ఆగలేదు. ఇంట్లో దానితోనే ఎన్నో అవసరాలు గడిచాయి. అందుకూ కృతజ్ఞత ఉండాలి, ఉంది.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి ఎవరి దగ్గరో విని వచ్చింది.

"పెద్దమ్మా, నీకు సంగీతం వచ్చంటగా! నాకు నేర్పవా?"

అక్కయ్య చేటలోని బియ్యం మీంచి తలెత్తలేదు. "ఎవరు చెప్పారే నీకు? నాకేం రాదు."

అమ్మాయి నా వైపు చూసింది. అక్కయ్యా చూసింది. నేను దూదిలో గింజలు ఏరుకుంటూ ఊరుకున్నాను.