మౌస్ పెడితే తెగిపోయే ఒత్తులు

అబిడ్స్‌లో మా తమ్ముడి పూజాసామగ్రి దుకాణానికి అమ్మ పేరే ఉంది, అన్నపూర్ణమ్మ అని. కొత్తగా చేయించిన వెబ్‌సైట్‌లో ఆ పేరును పెద్ద తెలుగు అక్షరాల్లో, పక్కనే చిన్న ఇంగ్లీషులో, ఒకే లింకుగా పెట్టారు. దాని మీద మౌస్ పెట్టగానే ఒక పసుపు పట్టీ వస్తుంది. పట్టీ ఎత్తు ఇంగ్లీషుకే సరిపోయి, తెలుగు అక్షరాల అడుగు తెగిపోతోంది. మా అమ్మ ‘అనపూరమ’ అయింది.

ఈ రోజు నాంపల్లిలో సైట్ చేసినతని ఆఫీసుకు వెళ్లి చూపించాను.

“గది హోవర్ ఎఫెక్ట్ అక్కా. మౌస్ తీస్తే మల్ల మంచిగనే కనబడ్తది. ఒత్తుల్లేని పేరైతే ఈ ఫికరే ఉండకపోవు” అని నవ్వాడు.

పొద్దున పూజలో దొరికిన శాంతి అంతా అక్కడే పోయింది. గొంతు మాత్రం పెంచలేదు.

“నీ పేరేంది నాయనా?”

“విష్ణు.”

“మా అమ్మ పేరు తీసి గాడ నీ పేరు పెట్టు. మౌస్ కూడా నువ్వే పెట్టు.”

పెట్టాడు. ‘విషు’ అని వచ్చింది. నవ్వు ఆగిపోయింది. నెల రోజులుగా తమ్ముడికి కుదరదని చెప్పిన పనిని, పట్టీ ఎత్తు పెంచి అయిదు నిమిషాల్లో చేసేశాడు.

అమ్మ పేరుకు కదలని చెయ్యి తన పేరుకు కదిలింది. అందుకే నా కోపం ఇంకా తగ్గలేదు. మీ పేర్లలో ఒత్తులుంటే మీ సైట్ల మీదా ఓసారి మౌస్ పెట్టి చూడండి. ఎవరు ఏమయ్యారో కింద రాయండి.