సంగటి కుండ ముందు మా అత్త

శివరాత్రి మరునాటి ఉదయం మా అత్త హోసూరులోని మా ఇంటి పెరట్లో బట్టలుతికే రాతి దగ్గర కూర్చుని, మళ్లీ లేవలేకపోయింది. పడలేదు, దెబ్బ తగలలేదు. కాళ్లు ఆమె మాట వినలేదు, అంతే. నేను చంకల కింద చేతులు వేసి లేపాను. డెబ్బై ఆరేళ్ల ఆ మనిషి కన్నీరు పెట్టలేదు. ఒక్క మాట మాత్రం అడిగింది.

"ఆడిలో సంగటి ఎవురు గెలికేదమ్మా?"

రాయకోట దగ్గరి మా ఊళ్లో, ఆషాఢం వేళ వచ్చే ఆడి మాసపు మారెమ్మ పండగనాడు తొలి రాగి సంగటిని మా ఇంటి పెద్ద కోడలే గెలకాలి. దించిన కుండకు అటూ ఇటూ కట్టెలు ఆనించి, వాటిని పాదాలతో తొక్కిపట్టి, గొంతుకూర్చుని తెడ్డు తిప్పాలి. ఆపైన ముద్దను ఆకులో పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని లేచి, గుడిదాకా మోయాలి. తలకు నీళ్లు పోసుకున్నది మొదలు ముద్ద అమ్మవారి ముందు పెట్టేదాకా ఆమెను ఎవరూ తాకకూడదు. తాకితే ఆ పని ఆమె చేయి దాటి తర్వాతి తరానికి, అంటే నాకు, వచ్చేస్తుంది. పెళ్లయి వచ్చిన మూడో ఏటినుంచి ఆ పీట మా అత్తదే. దాన్ని దిగే ఉద్దేశం ఆమెకు లేదు.

పెద్దల చేత పని చేయించకపోవడమే మా వంశంలో మర్యాద. ఆమె ఊరినుంచి హోసూరుకు మా దగ్గరికి వచ్చినప్పటినుంచి బిందె ఆమె నడుము ఎక్కలేదు. లేవబోతున్నట్టు కనిపిస్తే చాలు, నా భర్త పరుగున వెళ్లి చెయ్యి అందించేవాడు. ఎత్తైన కుర్చీ, దానిమీద మరో మెత్త. ఇంత ప్రేమ మధ్య ఆమె తొడల కండ చప్పుడు లేకుండా కరిగిపోయింది. ఎముకల్లో లోపమేమీ లేదనీ, వయసుతో తగ్గిన కండకు పని పడాలనీ డాక్టరు చెప్పారు.

అట్లా క్రిష్ణగిరి నుంచి ఒక ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు మా ఇంటికి రాసాగింది. మొదటిరోజే ఆమె నా భర్తను గది అంచుకు జరిపింది.

"అన్నా, మీరు పట్టి లేపినారంటే ఎక్సర్‌సైజు మీకయితాది, అవ్వకు కాదు."

మంచం అంచున కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం మొదటి పాఠం. "ముక్కు మోకాళ్లు దాటాల అవ్వా. ఊపిరి వదలతా లేయాల." తర్వాత కుర్చీ, తర్వాత ముక్కాలిపీట, ఆ తర్వాత నేలపీట అని వరుస చెప్పింది. చేతులకు గుడ్డసంచిలో రాగులు. వారాలు గడిచేకొద్దీ సంచి బరువెక్కింది. తిండిలోకి ఉలవలు, గుడ్లు చేరాయి.

"రాగులు తినేదానికని అనుకుంటి గదమ్మా, ఎత్తేదానికి కూడానా?" అంది అత్త.

"ఎత్తినాకనే తినేది అవ్వా."

లెక్క లేకపోతే నాకు తోచదు గనుక, ఆమె లేవగలిగిన ఆసనం ఎత్తును ప్రతి ఆదివారం టేపుతో కొలిచేదాన్ని. "ఏందమ్మా ఆ టేపు, నాకు రవిక కుడతావా?" అని వెక్కిరించేది. ఉగాది వెళ్లినా అంకె కదలలేదు. ఈ వయసులో ఇంతేనేమో అనుకున్నాను.

చైత్రం ముగిసే వేళకు, ఒక మధ్యాహ్నం ఆమె నా అరచేతిని తీసుకుని తన మోకాలి పైన పెట్టుకుంది. "ఉండు, లేస్తాను, చూడు." వదులైన చర్మం కింద ఏదో కదిలింది, నిండుబిందెను పైకి లాగే చేదతాడులా బిగిసింది. నేను చెయ్యి తీయలేకపోయాను. నా భర్తను కని, చేలల్లో కలుపు తీసి, ఇక చాలనుకుని పడుకున్న ఆ కండ, పిలిస్తే లేచింది. మట్టిలో విత్తనం కదలడాన్ని అరచేతితో విన్నట్టయింది. ఆ ఆదివారం అంకె కూడా తగ్గింది. ఆడి వచ్చేసరికి నేలపీటదాకా దిగింది.

పండగనాడు ఊళ్లో కుండ దించారు. మా అత్త గొంతుకూర్చుంది. పాదాల కింద కట్టెలు చప్పుడు చేశాయి, తెడ్డు తిరిగింది, భుజాలు తిరిగాయి. ముద్ద నున్నగా వచ్చింది. ఆకును రెండు చేతుల్లోకి తీసుకుని లేవబోయింది. సగం దాకా లేచి, మళ్లీ కిందికి దిగిపోయింది.

నా భర్త చెయ్యి అలవాటుగా ముందుకు వచ్చింది.

"తొలగప్పా!" అంది ఆమె, తల ఎత్తకుండానే.

ఆకును ఛాతీకి దగ్గరగా తెచ్చుకుంది. పాదాలు వెనక్కి జరుపుకుంది. ముక్కు ముందుకు వచ్చింది. పెదవుల మధ్యనుంచి ఊపిరి ఈలలా బయటికి పోయింది. మొదట మడమలు, తర్వాత తొడలు, తర్వాత నడుము ఒకదాని భారం ఒకటి అందుకుని పైకి నడిచాయి. నిలబడింది. ముద్ద మీది ఆవిరి చెదరలేదు. నన్ను అడగకుండానే నా చేతులు నమస్కారానికి కలిశాయి. అమ్మవారికా, ఆమెకా అని నేను తేల్చుకోలేదు. ఆమె మాత్రం వెనక్కి చూడకుండా గుడివైపు నడిచిపోయింది.

ఆమె గుడినుంచి తిరిగి వచ్చేసరికి నేను కుండ ముందు గొంతుకూర్చుని, అడుగున మిగిలిన సంగటిని గోకుతున్నాను. లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. చెయ్యి గోడను వెతుక్కుంది, అందలేదు. మా అత్త నా ఎదుట నిలబడి చూసింది. ఇప్పుడు తాకకూడదన్న నియమం ఎవరికీ లేదు. అయినా ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది.

"ముక్కు ముందరికి పెట్టమ్మా," అంది. "నేను పట్టి లేపను."