వంతు మాది... నీళ్లు రజియా చిన్నమ్మవి

మా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో మా గల్లీ చివర ఒక ఖాళీ ప్లాటు ఉండేది. యజమానిని అడిగి గల్లీ ఆడవాళ్లంతా కలిసి అందులో కూరగాయలు వేశారు. బెండ, టమాట, పుంటికూర, కంచె మీదికి సొరతీగ... రోజుకొక ఇల్లు వంతు వేసుకుని తోటంతటికీ నీళ్లు పోయాలి.

ఒక ఏడు ఎండలు ముదిరాక పక్కనున్న బోరు ఎండిపోయింది. గల్లీ మొదట్లో ఉన్న ట్యాంకు నుంచి బిందెలు మోయాలి. అమ్మ మొదట్లో మోసింది. తర్వాత పెళ్లిళ్లని, నడుం నొప్పని మానేసింది. మిగతా ఇళ్లూ అంతే...

అయినా తోట పచ్చగానే ఉండేది. ఎవరో పోస్తున్నారులే అనుకున్నాం. ఎవరని అడగలేదు. కూరగాయలు మాత్రం తెంపుకొచ్చాం.

ఒక సాయంత్రం టమాటలు తెమ్మని అమ్మ నన్ను పంపింది. వెళ్లేసరికి మా పక్కింటి రజియా చిన్నమ్మ గట్టు మీద కూలబడి ఉంది. బిందె ఒరిగి నీళ్లు పారుతున్నాయి. పెదాలు తెల్లగా ఎండిపోయాయి. అవి రంజాన్ రోజులు... ఆమె ఒక్కపొద్దు ఉంది.

పరుగెత్తి అమ్మను పిలుచుకొచ్చాను. అమ్మ చెంబు నోటికి అందించబోతే చిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. జరసేపైతే అజాన్ అయితదని, అప్పుడు తాగుతానని అంది.

ఆ రోజు వంతు మాది. అమ్మకు అప్పుడే గుర్తొచ్చింది.

"ఒక్కపొద్దుండి మా వంతు నువ్వెందుకు మోసినవ్ రజియా? ఒక్కమాట చెప్పకపోతివి?"

"వంతు ఎవరిదో చెట్లకేం తెలుసక్కా... ఎండుతున్నయ్, పోసిన."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే అమ్మ తల ఎత్తలేకపోయింది. అజాన్ వినిపించేదాకా ఆమెను భుజానికి ఆనించుకుని కూర్చుంది. నీళ్లు తాగించి, ఇంట్లో పడుకోబెట్టి వచ్చి, మిగిలిన తోటకు తానే పోసింది. చిన్న బకెట్‌తో నేను వెనకే నడిచాను.

మర్నాడు అమ్మ ఇల్లిల్లూ తిరిగి జరిగింది చెప్పింది. అందరూ మళ్లీ బిందెలు ఎత్తారు. పండుగ దాకా చిన్నమ్మను ట్యాంకు దగ్గరికి రానివ్వలేదు. ఆమె తేరుకుంది. పండుగనాడు ఏమీ జరగనట్టే మా ఇంటికి షీర్‌ఖుర్మా పంపింది. అమ్మ ఆ గిన్నె పట్టుకుని వంటింట్లో చాలాసేపు అట్లాగే నిలబడిపోయింది...

తర్వాతి ఏడు ప్లాటు అమ్ముడైంది. చిన్నమ్మ వాళ్లు పని వెతుక్కుంటూ తుక్కుగూడ వెళ్లిపోయారు. నేనిప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఆ వేసవి మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇప్పుడు మా గల్లీలో ఇంటింటికీ బోరుంది. పక్కింట్లో ఎవరు ఒక్కపొద్దున్నారో మాత్రం ఎవరికీ తెలియదు...

మీ కోసం చెప్పకుండా కష్టపడ్డవాళ్లు మీ వాడలోనూ ఉండే ఉంటారు. అప్పుడు వాళ్లకు చెప్పలేకపోయిన మాట ఇక్కడైనా రాయండి...