రావు ఉన్న వరుసలన్నీ

మా నరసరావుపేటలో నాకున్న చిన్న ఇబ్బంది ఏమిటంటే, బజార్లో ఎవరినీ "కోటేశ్వరరావు గారూ" అని పిలవలేం. సగం బజారు వెనక్కి తిరుగుతుంది. మిగతా సగం సాంబశివరావులు, పిలిచింది తమని కాదని నొచ్చుకుంటారు. ఈ గోల ఇప్పుడెందుకంటారా? ఓపిక పట్టండి. ఒక కంకర క్వారీ ఒక్క పొద్దుటికి మూగబోయిన వైనం ఇందులోంచే పుట్టింది. పుట్టించింది నేనే.

అప్పుడు నేను డిగ్రీ వేడి చల్లారకముందే ఆ క్వారీ ఆఫీసులో చేరాను. సొంత బండ్లున్న మా యజమానితో సహా లారీ ఓనర్ల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు ఎక్సెల్‌లో ఉండేవి. మర్నాడు ఎవరి బండ్లు వస్తాయో కనుక్కుని, అకౌంట్లు చూసే మార్తమ్మక్క ఒక్కొక్కరికి ఎదురుగా "వస్తాయి" అనో "రావు" అనో కొట్టేది. వచ్చేవాళ్లకి మెసేజి పంపడం నా పని. మెసేజి లేనిదే లారీ కదలదు.

ఓ సాయంత్రం యజమాని సాంబశివరావు గారు ఊడిపడ్డారు.

"అబ్బాయ్, రేపు రోడ్డు కాంట్రాక్టరు స్వయంగా వస్తన్నాడు. పొద్దున్నే లోడు ఎత్తకపోతే ఆర్డరు పోద్ది. రాని బండ్లు తీసేసి మెసేజులు కొట్టు."

"ఫార్ములా పెట్టయ్యా," అంది మార్తమ్మక్క. "వచ్చేవాళ్లు పక్క షీట్లో కనపడతారు. అసలు షీటు అట్టనే ఉంటది."

"ఫార్ములా ఎడ్లబండి అక్కా! మాక్రో అంటే లారీ. ఒక్క బటన్ నొక్కితే పనంతా అదే చేసేస్తుంది!"

"ఏది తొందరగా అవుద్ది?" అన్నారు సాంబశివరావు గారు.

"మాక్రో అండీ."

"ఇంకేంది! క్వారీలో ఎడ్లబండేందమ్మా? కానీయ్."

మాక్రోకి నేనిచ్చిన ఆజ్ఞ చిన్నది: షీట్లో ఎక్కడ "రావు" కనపడినా ఆ వరుస లేపెయ్, మిగిలినవాళ్లకి మెసేజి పంపు, సేవ్ చెయ్. బటన్ నొక్కాను. ఆహా, ఏం వేగం! బాంబు పెట్టిన బండలా షీటు కుదించుకుపోయింది. ఇంతమంది రావడం లేదా పాపం అనుకుని, టీ తాగడానికి వెళ్లాను.

పొద్దున్న క్వారీలో కాంట్రాక్టరు ఉన్నాడు, కంకర ఉంది. లారీలే లేవు. కాదు, ఒకటుంది. బెల్లంకొండ నుంచి మస్తాన్‌వలీ తెచ్చాడు.

"ఏంది బాబాయ్, ఇయ్యాల బందా?" అన్నాడతను చుట్టూ చూసి.

సాంబశివరావు గారు ఫోన్లందుకున్నారు. "ఒరేయ్ కోటేశ్వరరావూ, బండేదిరా?... మెసేజి రాలేదా?" తర్వాత తన సొంత డ్రైవరుకి: "మరి నా బండ్లేయిరా? మీక్కూడా రాలేదా?"

మార్తమ్మక్క షీటు తెరిచింది.

"కోటేశ్వరరావు లేడు. వెంకటేశ్వరరావు లేడు. సార్, మీరూ లేరు. ఓరి దేవుడా, నరసరావుపేటే లేదు!"

నరస'రావు'పేట. పేరులో రావు లేనివాళ్లని ఊరు ముంచేసింది.

"అన్‌డూ కొట్టయ్యా, చూస్తావేంది!"

"మాక్రో చేసినదానికి అన్‌డూ ఉండదక్కా."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కేముందే కుళాయి పీకేసుకున్నాను. కాంట్రాక్టరు కారెక్కి వెళ్లిపోయాడు. ఆ దుమ్ములో నిలబడి, ఏకైక లారీ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఫార్ములాతో తీరే పనికి ఈ జన్మలో మాక్రోని పిలవను, మనుషుల పేర్లు చదవకుండా బటన్ ముట్టను.

"సార్," అన్నాను గొంతు సవరించుకుని, "రేపు పొద్దున్నే వచ్చి మొత్తం ఫార్ములాతో సరిచేస్తానండీ."

సాంబశివరావు గారు నన్ను కిందినుంచి పైదాకా చూశారు.

"రేపట్నించి నువ్వు గూడా రావు."